వరండాలో నదులు

మా అవ్వ ఎలీషమ్మను వయసెంతని అడిగితే "యాభై ఉంటయ్" అనేది. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడూ యాభయ్యే, పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్నప్పుడూ యాభయ్యే. లెక్కలు రాని నాకు కూడా ఇందులో ఏదో తేడా ఉందని తెలిసేది.

అవ్వ పుట్టింది శామీర్‌పేట పక్కన. చిన్నప్పుడు మేకలు కాసింది, బడి మొహం చూడలేదు. పెళ్లయి పిల్లలు పుట్టాక చర్చిలో పాస్టరమ్మ పక్కన కూర్చుని, బైబిలు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. అది తప్ప ఇంకో పుస్తకం తెరవలేదు, తెరవాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. మా తాత యేసయ్య పోయాక కౌకూరు రోడ్డు మీద ఉన్న చిన్న తెలుగు బడిలో ఆయమ్మగా చేరింది. గంట కొట్టాలి, నీళ్లు పట్టాలి, వరండా తుడవాలి. ఐదో తరగతి దాకా ఉన్న ఆ బడిలోనే నన్నూ వేశారు. ఇంట్లో ఆమె తిట్లు, బడిలో ఆమె గంట. నాకు తప్పించుకునే దారి లేకుండా పోయింది.

తొంభై ఏడులో మా మూడో తరగతికి శ్రీనివాస్ సారు వచ్చేవారు. రావడమంటే, వచ్చినప్పుడు వచ్చేవారు. సర్కారు కొలువు పరీక్షకు చదువుకుంటూ తరచూ సెలవు పెట్టేవారు. ఆ రోజుల్లో హెడ్మాస్టరు యజ్ఞనారాయణగారు అవ్వను పిలిచి, "కాసేపు వీళ్లు గోల చేయకుండా చూడమ్మా" అని మా మీద వదిలేవారు. ఆయన చూడమన్నారే గానీ చెప్పమనలేదు. అవ్వ చెప్పింది.

పరిసరాల విజ్ఞానం పుస్తకంలో ప్రతి పాఠం చివరా 'కొత్త పదాలు' అని ఒక గడి ఉండేది. పాఠమంతా చదవాలంటే అవ్వకు వేలు నొప్పి పుట్టేది. గడిలో పదాలు మాత్రం బైబిలు వచనాల్లా పొట్టిగా ఉండేవి. వాటిని పట్టుకుంది. ఏ పదం వచ్చినా ఆమె సామాను ఒకటే: బకెట్టు, చెంబు, తుడుపుగుడ్డ.

'బాష్పీభవనం' వస్తే మమ్మల్ని వరండాలోకి తోలుకుపోయి, ఎండ పడే చోట చాపంత మేర తడిగుడ్డతో తుడిచి, "సూస్తుండుండ్రి, ఎవలెత్కపోతరో" అనేది. మేం చుట్టూ గొంతుక్కూర్చునే వాళ్లం. తడి అంచుల నుంచి తగ్గుతూ తగ్గుతూ మాయమయ్యేది.

"దొంగ దొరికిండా?"

"ఎండ, ఆయమ్మా!"

"గదే బాష్పీభవనం. ఇగ లోపటికి నడువుండ్రి."

తుడుస్తుంటే తొక్కిన వాళ్లను ఉన్నచోటే నిలబెట్టి చుట్టూ నీళ్లు పోసేది. "నువ్విప్పుడు ద్వీపం. ఆరేదాంక కదిల్తే కాళ్లిరగ్గొడ్త." దయ కలిగితే ఒక పక్క పొడిగా వదిలేది, అప్పుడు వాళ్లు ద్వీపకల్పం. మా తరగతిలో అందరికన్నా ఎక్కువసార్లు ద్వీపం అయింది నేనే. నా విషయంలో ఆ ఒక పక్క కూడా ఎప్పుడూ వదల్లేదు.

చిక్కు 'నది' దగ్గర వచ్చింది. గడిలో "నది: పెద్దగా పారే నీరు" అని మాత్రమే ఉంది. పేర్లన్నీ పాఠంలో ఉన్నాయి. అవ్వ పాఠంలోకి పోలేదు, తనకు తెలిసిన బైబిల్లోకి పోయింది.

"నది అంటే యొర్దాను" అంది.

"ఏడుందవ్వా?" అన్నాను.

"గీ రోడ్డు వట్టుకొని పోతనే ఉంటే వస్తది. నోర్మూసుకొని రాసుకో."

ఆమె లెక్క ఆమెకుంది. బోలారంలో సీయోను చర్చి, తూంకుంటలో బేతేలు, గాజులరామారంలో బేతనియ. బస్సెక్కితే బైబిలు ఊళ్లన్నీ వస్తాయి. బైబిల్లో చెప్పినట్టే మేకలు, గుండ్రాళ్ల గుట్టలు, బావి దగ్గర నీళ్లు చేదుకునే ఆడవాళ్లు శామీర్‌పేట చుట్టూ కళ్లెదుటే ఉన్నారు. ఊళ్లన్నీ ఇక్కడే ఉంటే వాటి పక్కన పారే నీళ్లు ఎక్కడికి పోతాయి? మోకాళ్ల నొప్పి తగ్గాక నన్ను వెంటేసుకుని యొర్దాను దాకా పోయి, అందులో కాళ్లు పెట్టి రావాలని ఆమె ఆశ. వంట చేస్తున్నప్పుడు, నా జడ వేస్తున్నప్పుడు ఆ మాట అనేది.

అర్ధ సంవత్సర పరీక్షలో "మన రాష్ట్రంలో పారే ఒక నది పేరు రాయండి" అని వచ్చింది. తరగతి తరగతంతా యొర్దాను అని రాశాం. అంత ఐకమత్యం ఆ బడిలో నేను మళ్లీ చూడలేదు.

పేపర్లు ఇచ్చిన మర్నాడే జయకృష్ణ వాళ్ల నాన్న ఫణిభూషణ్‌గారు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకు జీడిమెట్లలో ఉద్యోగం, సొంతూరు విజయవాడ. హెడ్మాస్టరు గది కిటికీ కింద నేనున్నానని ఎవరికీ తెలియదు.

"మాస్టారూ, వీడు పుట్టిందే కృష్ణ ఒడ్డునండీ. సెలవులకెళ్తే పొద్దస్తమానం అందులోనే ఈత. వీడు యొర్దాను అని రాస్తే నేనేమనుకోవాలి? బడిలో మతం చెప్పిస్తున్నారా?"

"అది కృష్ణ కదా నాన్నా," అన్నాడు జయకృష్ణ చాలా ఓపిగ్గా, "నది అంటే యొర్దానని ఆయమ్మ చెప్పింది."

యజ్ఞనారాయణగారు ఆయన్ను ఎలాగో చల్లబరిచి పంపించి, అవ్వను పిలిచారు. గోడ మీద ప్రపంచ పటం ముందు నిలబెట్టి, మన దేశం ఇక్కడ, యొర్దాను అక్కడ అని బెత్తంతో చూపించారు. మధ్యలో నీలం రంగు సముద్రం ఉంది. అవ్వ పటానికి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్లింది.

"సారూ, ఇండ్ల బోలారం ఏది?"

"ఇంత పటంలో బోలారం ఎక్కడ కనిపిస్తుందమ్మా!"

"బోలారమే లేనప్పుడు గీ పటాన్నెట్ల నమ్మాలె?"

ఆయనకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "తూంకుంట వాళ్లు చర్చికి బేతేలు అని పేరు పెట్టుకున్నారమ్మా. నీ మనవరాలికి నువ్వు క్రిస్టీనా అని పెట్టుకోలేదూ? అలాగే. అసలు బేతేలు అక్కడుంది." బెత్తం బల్ల మీద పెట్టి అన్నారు. "రేపటి నుంచి మూడో తరగతి గుమ్మం తొక్కొద్దు ఎలీషమ్మా. గంట కొట్టు, నీళ్లు పట్టు. అంతే చాలు."

ఎవరికైనా ఎదురు మాట చెప్పే అవ్వ వెళ్లి గంట కొట్టింది. ఆ సాయంత్రం నా జడ వేస్తూ, "అంటే బస్సు పోదా గాడికి?" అని ఒకే ఒక్క మాట అడిగింది. జడ వదులుగా వేసింది. మామూలుగా కళ్లు పైకి లాక్కుపోయేంత గట్టిగా వేసేది. నేను నవ్వి ఏడిపిద్దామనుకుని, ఊరుకున్నాను.

నది పోయిన దుఃఖం ఒకటి, గది పోయిన దుఃఖం ఒకటి. రెండోదే ఎక్కువని నాకు తర్వాత అర్థమైంది. శ్రీనివాస్ సారు రాని రోజుల్లో ఆ గదిలో గడిపిన గంటలే ఆమె చదివిన బడి. మా మధ్య కూర్చుని మాతో పాటు కొత్త పదాలు నోటికి పట్టించుకునేది. ఇప్పుడు మాకు పాఠం మొదలు కాగానే కిటికీ బయట వరండాలో కూర్చుని, తుడిచిన చోటే మళ్లీ తుడిచేది. సంక్రాంతి సెలవులు వచ్చేసరికి ఆ కాస్త బండ అద్దంలా మెరుస్తోంది.

బడి మళ్లీ తెరిచాక ఒక మధ్యాహ్నం యజ్ఞనారాయణగారు ఆ బండ దగ్గర ఆగారు.

"ఇది ఇంకెంత తుడుస్తావమ్మా?"

అవ్వ లేచి నిలబడింది. "సారూ, తప్పు నా నోట్లకెంచి పోయింది. నా నోట్లకెంచే ఎనుకకు రావాలె. పోరలకు నేనే జెప్త. ముందుగాల మీరు నాకు జెప్పుండ్రి."

ఆయన చెప్పారు. అన్నాలయ్యాక కుర్చీ వేసుకుని ఆయన, గడప పక్కన నేల మీద అవ్వ. ఈసారి గడి కాదు, పాఠమంతా. ఆమె వేలు మెల్లగా కదులుతుంటే ఆయన ఆగి ఆగి చెప్పేవారు. నేను పక్క నుంచి తొందరపెట్టి అందిస్తే, "నీకు లెక్కలల్ల సున్న వచ్చింది, నువ్వు మూస్కో" అనేది.

తర్వాత వారం మమ్మల్నందరినీ వరండాలోకి పిలిచింది. చెంబుతో పడమటి గోడ దగ్గర రెండు చోట్ల నీళ్లు వంచింది. మా వరండా వాలు తూర్పుకి. రెండు పాయలు మెలికలు తిరుగుతూ పారి అవతల నీళ్లు పోయే మోరీలో పడ్డాయి.

"పైనున్నది గోదారి. కిందున్నది కృష్ణ. ఆ మోరీ బంగాళాఖాతం. జయకృష్ణా, మీ నాయినోళ్ల ఊరేడుందో నిలవడు."

వాడు మోరీకి కాస్త ఇవతల తడిలో నిలబడి అందరికేసి గొప్పగా చూశాడు. "మరి యొర్దాను, ఆయమ్మా?"

అవ్వ చెంబు నింపుకుని వరండా దిగింది. మైదానం దాటింది, గేటు తీసింది. మేమంతా వెనకాలే పరిగెత్తాం. రోడ్డవతల దుమ్ములో చెంబెడు నీళ్లూ పోసింది.

"గిది యొర్దాను. మన వరండాల లేదు, మన రాష్ట్రంల లేదు. నేను జూడలే. ఇగ జూస్తనో లేదో. మొన్న మీకు తప్పు జెప్పిన."

దుమ్ము గుటుక్కున నీళ్లు తాగేసింది. నాకు నోరు ఊరుకోదు కదా.

"అవ్వా, నీ యొర్దాను ఇంకిపోయింది!"

"ఇంకితే ఇంకనీ. బిందెల నీళ్లున్నయ్, మల్ల పోస్త" అంది.

వెనక్కి వచ్చేసరికి యజ్ఞనారాయణగారు మూడో తరగతి గుమ్మంలో ఉన్నారు. "పిల్లల్ని లోపలికి తీసుకెళ్లమ్మా. నువ్వూ కూర్చో. గంట నేను కొడతాలే" అని పక్కకు జరిగారు.

అవ్వ కొంగుతో కాళ్లు తుడుచుకుని గడప దాటింది. చివరి వరసలో నా పక్కన ఇరుక్కుని కూర్చుని పుస్తకం మీద వేలు పెట్టింది. బయట సారు గంట కొట్టారు. టంగ్ మని ఒకటి, కాసేపాగి ఇంకొకటి.

"గట్ల గాదు సారూ," లోపలి నుంచే అరిచింది అవ్వ, "గట్టిగ!"