నాన్న వేట చొక్కా

మా కోడలు వాషింగ్ మెషీన్‌లో సబ్బుపొడి గుమ్మరిస్తుంటే అమ్మ గుర్తొస్తుంది. ఆ పొడి నేనైతే వారం వాడతాను.

నాగాయలంక దగ్గర మా ఊళ్ళో నాన్న పరజలనే అడవిబాతుల వేటకు వెళ్ళేవాడు. ఆయన వేట బట్టలకు అమ్మ సబ్బు తగలనిచ్చేది కాదు. కాలవలో జాడించి, ఒండ్రుమట్టిలో ముంచి, నీడన ఆరేసేది. పిసినారితనం అనుకునేదాన్ని.

"నాన్న బురదలో పొర్లిన గేదెలా ఉన్నాడే అమ్మా" అన్నానొకసారి.

"తెల్లగా మెరిస్తే పిట్ట వాలుతుందటే పిచ్చిమొహమా? ఈ మధ్య రోజూ ఉత్త చేతులతోనే వస్తున్నాడు మీ నాన్న. ఇవాళా అంతే అయితే రాత్రికి గొడ్డుకారమే" అంది అమ్మ.

ఆ పొద్దున్నే నాన్నకు సద్దన్నం పట్టుకెళ్ళి గట్టు చాటున కూర్చున్నాను. జమ్ముగడ్డిలో ఎంత వెతికినా మనిషి కనబడలేదు. పరజలు గుంపుగా దిగాయి. ఒకటి నీళ్ళలోని మట్టిగడ్డ పక్కకు చేరి, నింపాదిగా రెక్కలు దులుపుకుంది. ఆ మట్టిగడ్డ మెల్లగా చెయ్యి చాపి దాని కాళ్ళు పట్టుకుంది. అది నాన్న.

రాత్రి కూర తింటూ అందరం నాన్ననే మెచ్చుకున్నాం. సగం వేట కాలవరేవులో అమ్మ చేసిందని ఇప్పుడు తెలుస్తోంది.