నలుగురు చక్రవర్తుల ఏడాది, ముప్పై అడుగుల బావి

1942 జూన్ నడుమ, పగలు 11 గంటల 40 నిమిషాలకు మా లారీలు రెండూ వెంకటమ్మనహళ్లి దాటి రెండు మైళ్లు వెళ్లి ఆగాయి. అక్కడితో దారి అయిపోయింది. ఎదురుగా నల్లరాతి గుట్ట. దాని కింద ముప్పై ఒక్క గుడిసెల గొల్లరహట్టి, అంటే గొర్రెలు కాచే గొల్లల పల్లె. ఎడమవైపు ఎండిన వంక. నీడకు ఒక్క తుమ్మచెట్టు.

దిగినవాళ్లం కాపలా సిపాయిలం పన్నెండుగురం, ఇటాలియన్ యుద్ధఖైదీలు నలభై మంది. ఆఫ్రికాలో పట్టుబడి బెంగళూరు శిబిరానికి వచ్చినవారు. సామగ్రి: గునపాలు ఇరవై, పారలు ఇరవై, గంపలు ముప్పై, గిలకలు రెండు, యాభై అడుగుల కొలత టేపు ఒకటి. నేను నాయక్‌ను, చేతి మీద రెండు చారలవాణ్ణి. పుట్టింది ఈ పావగడ తాలూకాలోనే కనుక, భాష వచ్చునని నన్ను వేశారు. పనిపుస్తకం నా బాధ్యత. రోజూ సాయంత్రం నాలుగింటికి లోతు కొలిచి, అంకె రాసి, సంతకం చేయాలి.

పని ఒక్కటే. హట్టికి బావి తవ్వాలి. అక్కడి ఆడవాళ్లు నీళ్లకు రెండున్నర మైళ్లు నడిచేవారు. పోను రాను అయిదు.

మొదటి రోజే ఒక ముసలావిడ వచ్చి నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. పేరు గంగక్క.

"ఏందప్పా, తుపాకులు పెట్టి నీళ్లు తీస్తారా?"

"గునపాలు పెట్టి తీస్తామక్కా."

"నువ్వు ఈ తట్టోడివేనంట కదా. అయితే నీకు చెప్తాండా. నా కోడలికి ఏడో నెల. పురుడు లోపల నీళ్లు పడాల. పడతాయా లేదా?"

అంచనా లెక్క ప్రకారం సెప్టెంబరుకు పడతాయని చెప్పాను. అంచనా నాది కాదు, కాగితంలో ఉన్నది.

మొదటి అధికారి 54 రోజులు ఉన్నారు. గుడిసెలకు తూర్పున చోటు చూపారు. 11 అడుగులు దిగాం. ఆయనకు బదిలీ అయింది. రెండవ అధికారి వచ్చిన నాడే, ఆ చోటు గొర్రెల దొడ్డికి దగ్గరగా ఉందని పూడ్చమన్నారు. పడమట కొత్త చోటు. 71 రోజులు, 14 అడుగులు. తరువాత మూడవ అధికారి. ఆయన ఆ రెండవ గుంతనూ పూడ్పించి వంక ఒడ్డుకు తీసుకువెళ్లారు. ఒకరి ఆజ్ఞను మరొకరు ఎందుకు రద్దు చేశారో ఏ కాగితంలోనూ లేదు. నేను వెతికాను. కోడలు ప్రసవించి, పచ్చి బాలింతగానే బిందె ఎత్తుకుంది.

ఖైదీలలో ఒకరు తమ దేశంలో బడిపంతులు. చరిత్ర చెప్పేవారు. అందరం మాస్టరు అనేవాళ్లం. ఆయనది పుస్తకాల ఇంగ్లీషు, నాది పటాలం ఇంగ్లీషు. ఇద్దరికీ తేదీల మీద గౌరవం. రెండవ గుంత పూడ్చిన సాయంత్రం ఆయన మట్టి మీద గునపంతో నాలుగు గీతలు గీశారు.

"క్రీస్తు శకం 69. మా రోములో ఒక్క ఏడాదికి నలుగురు చక్రవర్తులు. గాల్బాను జనవరి 15న సొంత కాపలా సైనికులే చంపారు. అదే రోజు ఓథోను గద్దె ఎక్కించారు. ఏప్రిల్ 16న అతడు తన్ను తానే పొడుచుకున్నాడు. తరువాత విటెల్లియస్, డిసెంబరు 20 వరకు. నాలుగోవాడు వెస్పేసియన్. పదేళ్లు ఏలి, మంచం మీద పోయి, కొడుక్కి రాజ్యం ఇచ్చాడు."

పనిపుస్తకం చివరి పేజీలో అవన్నీ రాసుకున్నాను. వంటవాడు అనంతపురం వైపు మనిషి. జొన్నపిండి తడుపుతూ విన్నాడు.

"వాళ్ల రాజులు మన దొరలకన్నా బిరబిరా మారినారే! మనకింకా నాలుగోవాడు రావాల కదప్పా. వాడన్నా నిలబడతాడేమో."

మాస్టరుకు దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి, ఇంకొక మాట చేర్చారు. వెస్పేసియన్‌ను రోములోని పెద్దల సభ ఒప్పుకున్నది డిసెంబరు 21న. అతడు మాత్రం తన ఏలుబడిని జూలై 1 నుంచి లెక్క రాయించాడు. అలెగ్జాండ్రియాలో సైనికులు జేజేలు కొట్టిన రోజు అది.

"అది తప్పుడు తేదీ" అన్నాను.

"గెలిచినవాడి తేదీ" అన్నారు మాస్టరు.

మూడవ అధికారి రాతపూర్వకంగా ఆజ్ఞ ఇచ్చారు: ముప్పై అడుగుల లోపల నీరు పడకపోతే పని నిలిపి నివేదించవలెను. ఆయన 118 రోజులు ఉన్నారు. గుండ్రాయి, దాని కింద సుద్ద, దాని కింద మళ్లీ రాయి. రాతిలో రోజుకు నాలుగు అంగుళాలు దిగడమే కష్టం. ఫిబ్రవరిలో ఆయనకూ బదిలీ వచ్చింది. నాలుగవ అధికారి మరునాడు ఉదయం తొమ్మిదింటికి వస్తారని కబురు.

ఆ సాయంత్రం నాలుగింటికి టేపు వదిలాను. 30 అడుగుల 2 అంగుళాలు. నీరు లేదు. అడుగున రాయి చీలిన చోట ఇసుక కనబడుతోంది. మాస్టరు అక్కడే ఉన్నారు. ఇసుకలో చేయి అదిమి, అరచేయి పైకి ఎత్తి చూపారు. అరచేయి తడిగా ఉంది.

"ఇంకో మూడడుగులు!" అని కింది నుంచి అరిచారు.

గంగక్క ఒడ్డున కొత్త బిందెకు పసుపు రాస్తోంది. తడి అని చెప్పగానే చేయి ఆపింది.

వంటవాడు నా పక్కకు వచ్చాడు. "వెనకటి అంకెలు కూడా దిద్ది ఇరవై ఆరని రాసేయప్పా. ఎవురు దిగి కొలిచేది? పది దినాలు దొరుకుతాయి."

మాస్టరు తాడు పట్టుకుని పైకి వస్తే, వంటవాడి మాట ఇంగ్లీషులో చెప్పాను. రొప్పుతూనే అన్నారు: "ఒక చక్రవర్తి తన గద్దె కోసం తేదీని ఆరు నెలలు జరిపాడు. ఈ బావి కోసం మీరు నాలుగు అడుగులు జరపలేరా?"

అప్పటికి నా సర్వీసులో ఒక్క తప్పుడు అంకె లేదు. 30 అడుగుల 2 అంగుళాలు అని రాశాను. పక్కన ఇలా చేర్చాను: నీరు లేదు, అడుగున తడి ఇసుక ఉన్నది, మూడు అడుగులు తవ్వుటకు అనుమతి కోరడమైనది. సంతకం చేశాను. చదివినవారికి అర్థం కాకుండా పోదని నమ్మాను.

నాలుగవ అధికారి 9 గంటల 10 నిమిషాలకు వచ్చారు. బావి దగ్గరకు రాలేదు. బల్ల మీద పుస్తకం తెరిచి, అంకెల వరుస మీద వేలు దించుతూ పోయారు. వేలు ఆగింది.

"ముప్పై దాటింది. నీరుందా?"

"తడి ఉన్నది, సార్. పక్కన రాశాను. దయచేసి చదవండి."

"నీరుందా, లేదా?"

"లేదు, సార్."

"తడికి ఫారంలో గడి లేదు. పూడ్చండి. ఎల్లుండి ఉదయం ఆరింటికి లారీలు."

రెండోసారి అడిగాను. మూడోసారి అడగబోతే, నాయక్ చారల మీద ఆశ ఉందా అన్నారు. నాలుగు నెలలు పైకి మోసిన రాయిని నలభై మందీ రెండు రోజుల్లో లోపలికి దొర్లించారు. మాస్టరు నాకు వీపు పెట్టి గుండ్లు దొర్లించారు. గంగక్క బిందె తీసుకుని వెళ్లిపోతూ ఒక్కసారి ఆగింది.

"నువ్వు ఈ తట్టోడివే కదప్పా" అంది.

యుద్ధం ముగిశాక, 1946లో సర్వీసు నుంచి విడుదలై ఇంటికి చేరాను. నెల తిరగకముందే నడిచి ఆ హట్టికి వెళ్లాను. గంగక్క నన్ను గుర్తుపట్టింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. వంక ఒడ్డుకు తీసుకువెళ్లింది. మేము పూడ్చిన చోట నేల కొద్దిగా కుంగి ఉంది. చుట్టూ అంతా ఎండిపోయింది. ఆ పన్నెండడుగుల చదరంలో మాత్రం పచ్చగడ్డి.

"ఈడ ఒక్కతావ గడ్డి ఎండదప్పా. గొర్రెలకు తెలిసింది. మీ దొరలకు తెలీలేదు."

"మళ్లీ తవ్వలేకపోయారా, అక్కా?"

"మీరేసిన గుండ్లు తీసేదెవురు? తుపాకులోళ్లు నలభై మందిని తెచ్చి మూసిపోయినారు. మా తావ యాడుండారు అంత మంది?"

కోడలు బిందెతో మమ్మల్ని దాటి వెళ్లింది. ఆ ఏడాది పుట్టిన పిల్లకు నాలుగేళ్లు. చిన్న చెంబు నెత్తిన పెట్టుకుని తల్లి వెనక నడుస్తోంది. రెండున్నర మైళ్లు.

ఆ పనిపుస్తకం ఏ కచేరిలో ఉందో నాకు తెలియదు. ఎవరు తీసి చూసినా అంకె తప్పు అనలేరు. కాని ఇప్పటికీ సాయంత్రం నాలుగు కొట్టగానే ముప్పై అడుగుల కింద నుంచి ఒక అరచేయి పైకి లేస్తుంది. దాని మీది తడి ఇంకా ఆరలేదు.