బొమ్మ ట్యాంకుకు పెట్టిన బొట్టు

ఈ దసరాకు మనవరాలు కొత్త స్కూటీ తెచ్చుకుంది. పసుపు గిన్నె పట్టుకుని నేను వాకిట్లోకి వచ్చేసరికే దాని ముఖాన మెరిసే బొట్టు బిళ్ల ఉంది. షాపువాళ్లే అంటించి పంపారట. గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. మా ఆయన ట్యాంకు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మా ఆయన పటాలంలో ట్యాంకు నడిపిన మనిషి. కొలువు విరమించి కరీంనగర్ వచ్చాక, అరచేతిలో పట్టే ట్యాంకు బొమ్మలను ముక్కలుగా తెప్పించుకుని, అతికించి, రంగులు వేసేవారు. నాకు అక్షరాలు వచ్చింది అప్పుడే, యాభై దాటాక. రంగు సీసాల మూతల మీద ఆయన తెలుగులో చీటీలు అంటిస్తే, వాటిని కూడబలుక్కుని చదివేదాన్ని. మీరంతా బడిలో అమ్మ, ఆవు అని మొదలుపెట్టి ఉంటారు. నేను తుప్పు రంగు, బురద రంగు అని మొదలుపెట్టాను.

ఆ ఏడు ఆయన చేస్తున్నది తాను నడిపిన ట్యాంకునే. అందులోనే ఫిరంగి పేల్చిన స్నేహితుడు, ఎన్నో ఏళ్ల తర్వాత, దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కలుసుకోవడానికి జైనూర్ నుంచి వస్తానన్నాడు. బొమ్మను అతని చేతిలో పెట్టాలని, చూడగానే మన బండే అని అతను గుర్తుపట్టాలని ఈయన ఆరాటం. కానీ ఆకుపచ్చ ఒక పట్టాన కుదరలేదు. పాత పెళ్లిపత్రికల వెనక చుక్కలు వేసి, ఆరనిచ్చి, ట్యూబులైటు మోసం చేస్తుందని ఎండకు పట్టి చూసేవారు. తడి మీద ఒక రంగు, ఆరాక మరొకటి. చివరికి విసుగెత్తి, ఎండిన గోరింటాకు పొడిలాగా ఉండాలా ఏమిటి అన్నాను.

"గదే! గదేనే నేను పరేషాన్ అయితున్నది!" అని లేచి నిలబడ్డారు.

పలుచగా పూత మీద పూత వేసి, మెరుపు లేకుండా, సున్నం కొట్టిన గోడలా పొడిగా తేల్చారు.

పండుగ పొద్దున ఆయన జమ్మి కోసం బయటికి వెళ్లారు. నేను కత్తిపీటకు, కుట్టుమిషనుకు, బండికి వరుసగా బొట్లు పెడుతూ, అదే చేత్తో ట్యాంకుకూ పసుపు పూసి కుంకుమ పెట్టాను. ఆయన వచ్చి చూసి లబలబలాడారు.

"ఏంజేసినవే! గిది బొమ్మనే!"

"బండి కాదా మరి? నువ్వే గద నడిపిన బండి అంటివి!"

తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. ఆ పొడి రంగు పసుపును పీల్చేసింది. మళ్లీ పూత వేస్తే ఆరే వేళ లేదు. అంతలోనే వాకిట్లో స్నేహితుడి కేక. అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకోవడాలు అయ్యాక, మా ఆయన బొమ్మను తలవంచుకునే అతని చేతిలో పెట్టారు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, బొట్టు దగ్గర ఆగిపోయాడు.

"అరె, బొట్టు సుత యాది పెట్టుకున్నవా! దసరాకు బొట్టు పెట్టందే బండి ఎక్కకపోతుంటివి గద!"

"మరుస్తనా మరి!" అని మా ఆయన మీసం దువ్వుకున్నారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను.

అప్పటి నుంచి ఏ ట్యాంకు పూర్తయినా ఆఖరి రంగు నాదే. ఆయన పోయాక సీసాలన్నీ ఎండిపోయాయి.

స్కూటీకి బిళ్ల పక్కనే నా బొట్టూ పెట్టాను.

"నానమ్మా, మరక పడ్తది!" అంది మనవరాలు.

"పడనియ్యి బిడ్డా" అన్నాను. కానీ ఆ నున్నటి రంగు మీద మరక ఎక్కడ నిలుస్తుంది? సాయంత్రం పిల్ల గుడ్డతో ఒక్కసారి తుడవగానే, బొట్టు పెట్టిన జాడే లేదు.