బ్రేకులో మిగిలిన గాలి

అప్పుడు మేము కొమరోలులో ఉండేవాళ్లం. నా బైకు ముందు బ్రేకు సరిగా పడటం లేదు. గిద్దలూరులో మెకానిక్‌గా ఉన్న మా బామ్మర్ది దావీదుతో, ఒక పెళ్లిలో మాటామాటా పెరిగి, ఏడాదిగా నాకు మాటల్లేవు. అతని దగ్గరికి పోవడం ఇష్టంలేక, ఫోనులో వీడియో చూసి, హ్యాండిలు మీద బ్రేక్ ఆయిలు ఉండే మాస్టర్ సిలిండర్ నేనే విప్పాను. రబ్బర్లు మార్చి, కొత్త బ్రేక్ ఆయిలు పోశాను. ఇంటి ముందు తోలి చూస్తే బాగానే ఆగింది.

మరుసటి రోజు నా భార్యను ఎక్కించుకుని గిద్దలూరు బయలుదేరాను. దిగుడులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. నొక్కితే లివరు మెత్తగా హ్యాండిలు దాకా వచ్చేసింది. బండి ఆగలేదు. వెనక బ్రేకు తొక్కి, పక్కనున్న కంది చేలోకి తిప్పాను. ఇద్దరం పడ్డాం. ఆమె మోచేయి చీరుకుపోయింది.

"బ్రేకు ఎవరు చేసినారు?" అని అడిగింది.

"నేనే."

ఆమె తమ్ముడికి ఫోను చేసింది.

దావీదు వచ్చి ముందు అక్క చేతికి కట్టు కట్టాడు. తర్వాత లివరు రెండుసార్లు నొక్కి చూశాడు.

"ఆయిలు పైపులో గాలి పూర్తిగా పోలేదు బావా. నన్ను పిలిస్తే ఏమైతాది?"

రోడ్డు పక్కనే అతను గాలి బయటికి పోయేలా నట్టు వదులు చేస్తుంటే, చెప్పినప్పుడల్లా నేను లివరు నొక్కి పట్టుకున్నాను. వీడియోలో మనిషి ఒక్కడే చేశాడు గానీ, ఆ పనికి ఇద్దరుంటేనే మేలు.