ఎడమ కమానులో రెండో పట్టీ

గురువారం పొద్దున వార్డులో దుప్పట్లు మారుస్తుంటే వాచ్‌మన్ గుమ్మం దగ్గర నిలబడి, "అన్న పాయనమ్మా" అన్నాడు. ఏ అన్న అని నేను అడగలేదు. మా మిషన్ ఆసుపత్రి కాంపౌండులో ఉత్త అన్న అంటే ఒక్కడే, ఆసుపత్రి మోటారు నడిపే డ్రైవరన్న. రెండు నెలలుగా మంచంలో ఉన్నాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చి, చివరికి మనిషిని పీల్చేసింది. చేతిలో ఉన్న దుప్పటి పరిచి, పక్క మంచానిది కూడా మార్చి అప్పుడు వెళ్లాను. ఇన్నేళ్ల నర్సు పనిలో నాకు మిగిలింది ఈ అలవాటే. ఏడుపు కూడా పని అయ్యాకే వస్తుంది.

మధ్యాహ్నం మిషన్ గుడిలో ప్రార్థన జరిగింది. పాస్టరు అయ్యగారు బాగానే మాట్లాడారు. నమ్మకస్తుడన్నారు, నోట చెడ్డమాట లేని మనిషన్నారు. చివర్లో, "కడపలో ఎవరి మోటారు మూలిగినా మన అన్న దగ్గరికే తెచ్చేవాళ్లు. పాపం, మన మోటారు కిర్రు మాత్రం ఆయనకు కడదాకా లొంగలేదు" అన్నారు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. అది నిజం కాదని లేచి చెప్పాల్సినదాన్ని నేనే. చెప్పలేదు. కూర్చున్నచోటే కూర్చుని ముక్కు తుడుచుకున్నాను. గుడిలో లేచి చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. ఒక మంచి పనివాడికి చేతకానివాడన్న పేరు నావల్ల వచ్చింది. ఊళ్లో ఆ పేరే ఆయనకు మిగిలిపోతే నాకు నిద్ర పట్టదు.

పదిహేను రోజులకొకసారి బుధవారం నాడు డాక్టరమ్మ, నేను బద్వేలు రోడ్డులో ఊళ్లు చూడటానికి ఆ మోటారులో వెళ్లేవాళ్లం. చక్రాల పైన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కట్ట ఉంటుంది. దాన్ని కమాను కట్ట అంటారు. గుంత వచ్చినప్పుడు కుదుపును మింగేది అదే. మా మోటారులో అది గుంత గుంతకూ కిర్రుమనేది. ఆ రోడ్డులో గుంతలకు కరువు లేదు. సాయంత్రం తిరిగొచ్చేసరికి నా తల పగిలిపోయేది. "అన్నా, ఈ కూత మాన్పించకపోతే నేను నడిచైనా వస్తాగానీ నీ బండి ఎక్కను" అని ఒక ఎండాకాలం పట్టుబట్టాను. డాక్టరమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. అడిగింది నేనే. ఇది గుర్తుంచుకోవాలి.

ఆయన వెతకడం చూసి తీరాల్సింది. మొదట మందుల పెట్టెలు, నీళ్ల డబ్బాలు, బల్లలు అన్నీ దించేసి ఖాళీ బండి నడిపాడు. కిర్రు పోలేదు. తలుపులు తాడుతో బిగించి కట్టి నడిపాడు. అయినా పోలేదు. "అయితే పైన కాదు, కిందుండాది" అన్నాడు. నన్నూ వార్డు ఆయమ్మనూ వెనక మెట్టు మీద నిలబెట్టి బండిని ఊపమన్నాడు. తెల్లచీర కట్టుకున్న నర్సు కాంపౌండు మధ్యలో మోటారు మీద గంతులేస్తుంటే రోగులు కిటికీల్లోంచి చూసి నవ్వారు. ఆయన కింద పడుకుని ఒక్కొక్క కీలు మీద చెంబుతో కాసిని నీళ్లు పోసి చెవిపెట్టి వినేవాడు. నీళ్లు పడగానే ఎక్కడ కూత ఆగితే దొంగ అక్కడ ఉన్నట్టు.

ఆయమ్మ ఊరుకోలేదు. "బాయిలో నీళ్లు అడుగంటినాయి. మనుషులకే లేకుంటే నీ మోటారుకు దప్పికయినాదా?"

"ఒక్క చెంబేలేమ్మా. నర్సమ్మ తలనొప్పి ముందర ఇదెంత?"

మూడు రోజులు ఊపాం. నాలుగో రోజు కింద నుంచి, "ఆపండి, ఆపండి! చిక్కినాడు" అని అరిచాడు. ఎడమ వైపు వెనక కమానులో కింద నుంచి రెండో పట్టీ. కట్ట విప్పి, తుప్పు గీకి, గ్రీసు పూసి మళ్లీ బిగించాడు. అప్పుడు నాకొక మాట చెప్పాడు. "కిర్రుమనేది ఎండిపోయినది నర్సమ్మా, టకటకలాడేది అరిగిపోయినది. ఎండినదానికి చమురు పెడితే సాలు. అరిగినదాన్ని మార్చాల."

ఆ బుధవారం మోటారు నీళ్ల మీద పడవలా పోయింది. బద్వేలు దారిలో రోడ్డు ఎత్తెక్కే ఎగువ ఒకటి ఉంది. అక్కడ ఒక మైలురాయి, దానికి కూతవేటు దూరంలో చిన్న పల్లె. ఎప్పుడు వెళ్లినా ఆ మైలురాయి దగ్గర బిడ్డలనెత్తుకుని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉండేవాళ్లు. పొద్దున్నుంచీ మాకోసం కాచుకుని ఉంటారని మేం అనుకునేవాళ్లం. ఆరోజు ఎవరూ లేరు. "పల్లెలో అందరూ బాగున్నట్టుండారు" అని నేనే అన్నాను. అని, తల వెనక్కి వాల్చి హాయిగా నిద్రపోయాను.

సాయంత్రం తిరిగి వస్తుంటే మైలురాయి దగ్గర ఒక ముసలమ్మ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. కోడలికి రాత్రి నుంచీ నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగిందట. మమ్మల్ని చూసి ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఎప్పుడు పోతిరమ్మా? కూత ఇనపడలేదే!" అంది.

అప్పుడు తెలిసింది మాకు. ఎండలో పొద్దంతా రోడ్డు పక్కన నిలబడటానికి ఆ పల్లెలో ఎవరికి తీరుతుంది? చేలో పని చేసుకుంటూ, మా బండి ఎగువ ఎక్కుతూ కిర్రుమనడం విని పరుగెత్తుకొచ్చేవాళ్లు. అంతే. తల్లిని బతికించగలిగాం. బిడ్డను కాదు. మగబిడ్డ. గుడ్డలో చుట్టి చేతికిస్తుంటే ముసలమ్మ మళ్లీ అదే మాట అంది, "కూత ఇనపడలేదే" అని. అన్న గుమ్మం బయట నిలబడి విన్నాడు.

ఆ రాత్రి కాంపౌండులో బండి దిగుతూ, "తీయమన్నది నేనే కదన్నా" అని ఏడ్చాను. "తీసిన చెయ్యి నాది. ఊరుకో, పోయి పండుకో" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత గేటులోంచి మోటారు కిర్రుమంటూ వచ్చింది. "అప్పుడే మళ్లీ వచ్చిందా అన్నా?" అని అడిగాను. "రాలేదు. నేనే పిల్చుకొచ్చినా" అన్నాడు. ఆ రెండో పట్టీకి పెట్టిన గ్రీసంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి, చారెడు రోడ్డు దుమ్ము చల్లాడట. తక్కిన పట్టీలన్నింటికీ చమురు తప్పేది కాదు. ఆ ఒక్కదానికి మాత్రం ఊళ్లకు పోయే ముందు మంగళవారం సాయంత్రం కిరసనాయిలు, దుమ్ము. హారను కొట్టొచ్చు కదా అన్నాను. "హారను అందరికీ ఉండాది. ఏ హారనుకని చేను ఇడిసి పరిగెత్తుతారు? ఈ కూత మనదొక్కటే" అన్నాడు.

డాక్టరమ్మ అప్పుడప్పుడూ అడిగేది, ఒకసారి పోయిన శబ్దం మళ్లీ ఎందుకొచ్చిందని. "దుమ్మమ్మా, ఈ సీమ దుమ్ము" అనేవాడు. అది అబద్ధమేమీ కాదు. అసలు సంగతి చెప్పెయ్యి అని నేను చాలాసార్లు అన్నాను. "చెప్తే ముందర ఎందుకు తీసినావని అడుగుతాది. నీ పేరు చెప్పాలంటావా?" అనేవాడు. చెప్పు అనే ధైర్యం నాకు ఒక్కసారీ రాలేదు. ఈలోగా బస్సు డ్రైవర్లు ఆయన్ను వదిలిపెట్టలేదు. తమ బండ్ల రోగాలు ఆయన చేత కనిపెట్టించుకుని, ఆయన బండి కిర్రుమంటూ కదలగానే, "ఏమప్పా, ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోతనా?" అని వెనకనుంచి కేకలేసేవాళ్లు. ఆయన చెయ్యి ఊపి పోయేవాడు. పనివాడికి పనిలో పేరు పోవడం ఎంత బాధో ఆ చెయ్యి ఊపడంలో నాకు కనబడేది. నా తలనొప్పి నాకు తిరిగొచ్చింది. దాని గురించి మళ్లీ నోరెత్తలేదు.

యుద్ధం రోజుల్లో పెట్రోలు చీటీలు చాలక ఊళ్లు సగానికి సగం మానుకున్నాం. ఆ ఏడే కలరా. నిలబడే నిద్రపోయిన రోజులవి. ఒక సాయంత్రం ఇక ఈ పని నావల్ల కాదని, ఊరికి పోయి నా తోడబుట్టిన అన్న పిల్లలను చూసుకుంటూ బతుకుతానని ఆయనతో అన్నాను. కమాను కింద నుంచి తల బయటపెట్టి నన్ను కాసేపు చూశాడు. "నీది కిర్రు నర్సమ్మా, టకటక కాదు. ఎండినావు, అరిగిపోలేదు. ఇంత తిని పండుకో" అన్నాడు. తిని పడుకున్నాను. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లు లాగాను. ఇప్పుడు మళ్లీ అలాగే ఉంది. చూసి చెప్పేవాడు లేడు.

ప్రార్థన అయ్యాక శవపెట్టెను అదే మోటారులో ఎక్కించారు. బద్వేలు అవతల సొంత ఊళ్లో, భార్య పక్కన మట్టి చేయమని ఆయన కోరిక. కొత్త డ్రైవరు వచ్చి పది రోజులైంది. పనిమంతుడే. బండి గేటు దాకా వచ్చింది, చప్పుడు లేదు.

"కమాను ఇప్పి గ్రీసు పెట్టినానమ్మా పొద్దున. పెద్దాయన కడసారి పోతాండాడు, మెత్తగా పోనీలే అని. ఒక గంట పని. అంత తెలిసిన మనిషికి ఎందుకు దొరకలేదో ఏమో!"

"ఆపప్పా బండి" అన్నాను. వంటింట్లోంచి కిరసనాయిలు సీసా తెచ్చుకుని, చీర కొంగు నడుముకు దోపి బండి కిందికి దూరాను. ఎడమ వైపు, కింద నుంచి రెండోది. వేళ్లకు అందినంత మేర గుడ్డ దోపి తుడిచాను. పిడికెడు దుమ్ము చల్లాను. పైన అందరూ నాకు మతి పోయిందనుకున్నారు. అయ్యగారు వంగి, "ఏమిటమ్మా ఇది?" అన్నారు. మోకాళ్లు దులుపుకుంటూ అక్కడే, పెట్టె ముందరే, అందరికీ చెప్పాను. తీయమన్నదెవరో, తీసిన నాడు పోయిందెవరో, తిరిగి ఎవరు తెచ్చిపెట్టారో. కొత్త డ్రైవరు నా చేతిలో గుడ్డ తీసుకుని, నేను సరిగా తుడవలేకపోయినచోట మళ్లీ తుడిచాడు.

పది మైళ్ల దాకా అది పలకలేదు. ఎగువ దగ్గర పడేకొద్దీ నేను కిటికీకి చెవిపెట్టి కూర్చున్నాను. మొదటి గుంతలో కొంచెం మూలిగింది. రెండో గుంతలో కిర్రుమంది. చేలో వంగి ఉన్న ఆడవాళ్లు నడుములెత్తారు.

మేం ఎక్కేసరికి మైలురాయి దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ముందున్నది ఆ కోడలే. ఆ తర్వాత ఏళ్లకు పుట్టిన ఆడబిడ్డ ఆమె చంకలో ఉంది. డ్రైవరు సీటులోకి తొంగి చూసి, "అన్న యాడమ్మా?" అంది. నేను వెనక్కి చూపించాను. ఆమె బండి వెనక్కి వచ్చింది. చంకలో బిడ్డను వెనక మెట్టు మీద నిలబెట్టి, ఆ పాప చెయ్యి పట్టి పెట్టె మీద ఆనించింది.

"మెల్లగా పో అప్పా" అంది కొత్త డ్రైవరుతో.

మెల్లగానే పోయాడు. వెనక కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. మలుపు తిరిగేదాకా వాళ్లు ఎవరూ చేలోకి వెళ్లలేదు, తలలు కొంచెం పక్కకు వంచి వింటూ అక్కడే నిలబడ్డారు.