ఏ పార్టీదీ కాని చట్నీ

నిన్న పొద్దున జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చింది. మేము అక్కడ ఉన్నప్పుడు పక్కింట్లో టిఫిన్లు అమ్మిన అత్త ఇక లేదు. నేనూ మా ఆయనా వెంటనే ప్రొద్దుటూరులో బస్సెక్కాం.

ఆమె వసారాలో దొరికేవి మైసూరు బజ్జీ, ఉప్మా, పూరీలోకి బొంబాయి చట్నీ. శనగపిండి నీళ్లలో కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరప వేసి ఉడికించేది. బొంబాయిలో కొన్నాళ్లున్న మా చెల్లెలు అక్కడ ఈ చట్నీ ఎవరికీ తెలియదంటే, పోయి అత్తతో చెప్పాను. నవ్వింది.

"తెలీకుంటే పోనీలేమ్మా. ఈడి ఊర్ల పేరు పెట్టి సూడు, ఆ ఊరంటే పడనోడు ఇస్తరి ముందర్నుంచి లేచిపోతాడు. బొంబాయితో ఎవురికి కక్ష ఉంది?"

ఒక ఎన్నికల్లో మా ఆయన ఒక పార్టీకి ఏజెంటుగా కూర్చున్నాడు. ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు ఆయన కోసం అవతలి పార్టీవాళ్లు ముగ్గురు కత్తులతో వీధిలోకి వచ్చారు. అత్త ఆయనను తన వంటింట్లోకి లాగి బియ్యం బస్తాల వెనక కూర్చోబెట్టింది. పొద్దున వేసిన పూరీలున్నాయి గానీ బంద్ వల్ల కూరగాయలు లేవు. పొయ్యి మీద శనగపిండి పెట్టి గరిటె నా చేతికిచ్చింది.

"కలబెడతానే ఉండు. గడ్డ కడితే తినరు. తినకుంటే ఎతుకుతారు."

మా వైపు ఊళ్లలో ఎంత పగ ఉన్నా, తిన్న ఇంట్లో కత్తి తీయరు. ఆమె నమ్ముకున్నది అదొక్కటే. నేను గరిటె ఆపకుండా తిప్పుతూనే ఉన్నాను.

"వాడు ఈడికొచ్చినాడా అత్తా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు, గడపలో నిలబడి.

"ముందు కూచోని తినండప్పా. పొద్దున్నుంచి తిరగతాండారు, మొగాలు యెట్లుండాయో సూడు. తిన్నాక అడుగుదురు."

"నువ్వు ఏ పార్టీనో తెలీకుండా యెట్ల తినేది?"

"నాది బొంబాయి పార్టీ. కూచో."

చిన్నవాడికి నవ్వొచ్చింది. కూర్చున్నారు. తిన్నారు. పెద్దవాడు చేయి కడుక్కుంటూ వంటింటి తెర వైపు చూశాడు. "ఎంత పని చేసినావు అత్తా" అని మెల్లగా అని, మిగతా ఇద్దరినీ తీసుకొని వెళ్లిపోయాడు.

ఆమెను ఎవరూ ఏమీ చేయలేదు. ఆ వసారాలో మళ్లీ ఎవరూ తినలేదు, అంతే. వాళ్లవాళ్లు మోసం చేసిందని రాలేదు. మావాళ్లు ఆ ముగ్గురికీ వడ్డించిందని రాలేదు. మేము ప్రొద్దుటూరుకు పారిపోయాం. పోయి చూసొద్దామని ప్రతి ఏడూ అనుకున్నాం. ఎవరి కంటనైనా పడతామని భయపడి ఒక్కసారి కూడా పోలేదు.

నిన్న మేము చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. మోయడానికి ఒక మనిషి తక్కువ. ఆమె తమ్ముడు ఒక్కో తలుపూ తట్టి, ఒంటరిగా తిరిగి వస్తున్నాడు. మా ఆయన చొక్కా విప్పి నా చేతికిచ్చి, తల వైపు ఖాళీగా ఉన్న మూల కింద భుజం పెట్టాడు. ఆయన పొట్టి. పాడె అటే వాలింది. ఆ మూసిన తలుపుల మధ్య, అడుగడుగుకూ ఆమె తల ఆయన భుజం వైపుకే జరుగుతూ పోయింది.