పక్కకు జరిగి వాయించిన మనిషి

మా పక్కింటి పెద్దాయన పోయారన్న కబురు నాకు షాంటిలీలో ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో తెలిసింది. షికాగోలో ఉండే వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. గుండె ఆపరేషన్ బాగానే జరిగిందనీ, గురువారం ఇంటికి పంపేస్తారనీ ముందురోజే చెప్పింది. ఇప్పుడు మాత్రం, "నాన్న పొద్దున నిద్ర లేవలేదు. మీకు నేనే చెప్పాలనుకున్నాను," అంది. ఇంటికొచ్చాక తింటారని ఆయన కోసం కొన్న దానిమ్మకాయలు నా ఒళ్ళో ఉన్నాయి. వాటిని లోపలికెళ్ళి తిరిగిచ్చేయాలా, ఇంటికి తీసుకెళ్ళాలా అన్న పిచ్చి ఆలోచన తప్ప చాలాసేపు ఇంకేమీ తోచలేదు.

ఆయన తెలుగువారు కాదు. క్రొయేషియాలో, ఓడలు కట్టే ఒక రేవుపట్నంలో పుట్టారు. వయసులో ఉండగా రాక్ బ్యాండ్‌లో గిటారు వాయిస్తూ పాడేవారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా నాటకాలకు సంగీతం కట్టారు. ఇక్కడ వర్జీనియాలో ఆ సంగతి తెలిసినవాళ్ళు నాతో కలిపి పదిమంది ఉండరు. తెలుగులో ఆయన గురించి రాయడానికి నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

మావి టౌన్‌హౌస్‌లు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. నేను ఆ ఇంట్లో దిగిన రెండోరోజే ఆయన తలుపు కొట్టి, తాను పియానో వాయిస్తాననీ, నా ఆఫీసు కాల్స్ ఎప్పుడుంటాయో రాసిస్తే ఆ సమయంలో ఆపేస్తాననీ చెప్పారు. పసుపు కాగితం మీద రాసిచ్చాను. దాన్ని పియానోకే అంటించుకున్నారు. ఏదైనా కాల్ క్యాన్సిల్ అయితే నేను మెసేజ్ పెట్టేదాన్ని. రెండు నిమిషాల్లో గోడ అవతల సంగీతం మొదలయ్యేది. ఒంటరిగా ఉంటున్నదాన్ని. నేను ఎందుకు ఒంటరినయ్యానో ఇక్కడ అనవసరం. నా కాల్ అయిపోయిందో లేదో ఒక మనిషి గమనించుకుంటున్నాడన్నది మాత్రం నాకు చాలా పెద్ద సంగతి.

తన కథ ఆయన ఒకేసారి చెప్పలేదు. నేను అడిగినకొద్దీ కొంచెం కొంచెం చెప్పారు. వాళ్ళ నాన్న ఓడల కార్ఖానాలో క్రేన్ నడిపేవారట. ఈయన పంతొమ్మిదో ఏట ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బ్యాండ్ మొదలుపెట్టారు. రేవు మీద, షిఫ్టు దిగి ఇంటికెళ్ళే మనుషుల మీద పాటలు కట్టారు. ఒక పాట ఊళ్ళో ఎంతగా పాకిందంటే, పెళ్ళిళ్ళలో కూడా అదే వాయించమనేవారట. నిజానికి అది పని పోయిన మనిషి పాడుకునే పాట. వ్యాన్‌లో దేశమంతా తిరిగారు. ఆ తర్వాత, క్రొయేషియా అప్పుడు భాగంగా ఉన్న ఆ పెద్ద దేశమే ముక్కలైంది. నిన్న కచేరీ చేసిన ఊరు ఇవాళ పరాయి దేశమైపోయిందని చెప్పేవారు. యుద్ధంలో బ్యాండ్ ఆగిపోయింది. ఎలా ఆగిందో మాత్రం చాలాకాలం చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఊళ్ళో నాటకశాల దర్శకుడు పిలిచి ఒక నాటకానికి సంగీతం ఇమ్మన్నారు. ఈయన అలవాటు కొద్దీ ప్రతి సన్నివేశాన్నీ గిటారుతో నింపేశారు. రిహార్సల్ మధ్యలో ఒక ముసలి నటి మాట ఆపేసి, "అబ్బాయ్, నువ్వు నా మాటకి అడ్డంగా నిలబడ్డావు. కాస్త పక్కకు జరుగు," అందట. అప్పటిదాకా సిగ్గంటే ఏమిటో తనకు తెలియదని అనేవారు. ఆవిడ పోయేదాకా ఆవిడ నటించిన ప్రతి నాటకానికీ ఈయనే సంగీతం ఇచ్చారు. విషాద నాటకాలు, ప్రహసనాలు, పిల్లల తోలుబొమ్మలాటలు, అన్నీ చేశారు.

భార్య శాస్త్రవేత్త. ఆవిడకి ఇక్కడ ల్యాబ్‌లో ఉద్యోగం వస్తే, యాభై దాటిన వయసులో ఆవిడ మీద డిపెండెంట్‌గా వచ్చారు. నేనూ ఒకప్పుడు హెచ్‌ఫోర్ వీసా మీద, మొగుడి వెంట వచ్చినదాన్నేనని చెబితే, "అయితే మనిద్దరం సామానుతో పాటు వచ్చినవాళ్ళం," అని నవ్వారు. నాకు పరిచయమయ్యేనాటికి ఆవిడ పోయి మూడేళ్ళు. ఆయనకిక్కడ నాటకశాల లేదు, నటులు లేరు. అయినా రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉద్యోగానికి వెళ్ళినట్టు పియానో దగ్గర కూర్చునేవారు.

ఆయనకి దేన్నైనా వినడమే పని. ఒకసారి నాతో ఆష్‌బర్న్ వచ్చినప్పుడు మా ఆఫీసు డేటా సెంటర్ ముందు కారు ఆపమని, అద్దం దించి, అక్కడి ఫ్యాన్ల హోరు ఏ స్వరంలో ఉందో చెప్పారు. నేను మా అక్కతో ఫోన్‌లో మాట్లాడేది గోడ అవతలికి వినిపించేదట. ఒకరోజు మొహమాటపడుతూ, మీ భాషలో ఒక చిన్న మాటే అన్నిటికంటే ఎక్కువ పని చేస్తుందేమిటని అడిగారు. ఏ మాటా అంటే, "ఊఁ" అన్నారు. అచ్చం మా అక్కలాగే అన్నారు.

రెండేళ్ళ క్రితం మా తెలుగు సంఘం కోసం నేనొక చిన్న నాటిక రాశాను. తల్లి పోయాక ఆవిడ చీరలు పంచుకోవడానికి కూర్చున్న అక్కచెల్లెళ్ళ కథ. సంగీతం ఇస్తారా అని ఆయన్ని అడిగాను. ముందు నాటికంతా చదివి వినిపించమన్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని నాలుగుసార్లు విన్నారు. ఎక్కడ ఊపిరి పీలుస్తున్నానో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నారు. రెండు నెలలు పనిచేసి రికార్డు చేసిచ్చారు. చాలాచోట్ల పియానోలో కింది స్వరం ఒక్కటే, అక్క మాటకి చెల్లెలు ఊఁ కొట్టినట్టు పలికేది. మిగతాదంతా నిశ్శబ్దం.

నాటిక రోజు మధ్యాహ్నం, స్కూల్ ఆడిటోరియంలో సౌండ్ చెక్ జరుగుతుండగా, కల్చరల్ కమిటీ చూసే పెద్దమనిషి నన్ను పక్కకి పిలిచారు.

"మ్యూజిక్ మరీ స్లోగా ఉందమ్మా. పిల్లలు బోర్ ఫీల్ అవుతారు. మన దగ్గర మంచి సెంటిమెంట్ ట్రాక్ ఉంది, అది ప్లే చేసేద్దాం. నువ్వేం వర్రీ అవకు."

ఆయన మంచివారే. ఊళ్ళో మా అందరికీ సాయపడే మనిషి. నేను "సరే అన్నయ్యా" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

పెద్దాయన మూడో వరసలో కోటు వేసుకుని కూర్చున్నారు. తెర లేచింది. వయొలిన్లు హోరెత్తాయి. చప్పట్లు బాగానే పడ్డాయి. నేను తెర పక్కనుంచి ఆయన వైపు చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో నేనే చెప్పాను, మార్చమంటే ఒప్పుకున్నానని. ఆయన తిట్టలేదు. "చివర్లో చెల్లెలు ఏమంది? ఆ వయొలిన్లలో నాకు వినిపించలేదు," అని అడిగారు. "ఈ చీర నాకొద్దక్కా, నువ్వు కట్టుకో, నేను చూస్తాను," అంటుందని చెప్పాను. తలూపి కిటికీ వైపు తిరిగారు.

మూడు వారాలు గోడ అవతల చప్పుడు లేదు. కాల్స్ క్యాన్సిల్ అయినా నేను మెసేజ్ పెట్టలేదు. చివరికి ఒక శనివారం పొద్దున వెళ్ళి తలుపు కొట్టాను. చెప్పాలనుకున్నదంతా గుమ్మంలోనే మరిచిపోయి, తప్పు చేశానని మాత్రం అన్నాను.

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. బ్యాండ్ ఎలా ఆగిపోయిందో ఆరోజే చెప్పారు. బేస్ గిటారు వాయించే స్నేహితుడిది అవతలి పక్షంగా మారిన జాతి. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. యుద్ధం మొదలవుతున్న రోజుల్లో ఒక కచేరీకి పిలిచినవాళ్ళు, అతను లేకుండా రమ్మన్నారు. ఈయన సరేనన్నారు. వేరే మనిషిని పెట్టుకుని వాయించారు. ఆ హాలు నుంచి స్నేహితుడి ఇల్లు రెండు వీధులే. కిటికీ తీసి ఉంటే వినిపిస్తుంది. ఆ నెలలోనే ఆ కుటుంబం ఊరు వదిలి వెళ్ళిపోయింది. బ్యాండ్‌తో ఈయన మళ్ళీ వాయించలేదు.

"వాళ్ళ తలుపు దాకా రెండుసార్లు వెళ్ళాను," అన్నారు. "నువ్వు కొట్టావు. నేను కొట్టలేదు."

 తర్వాత ఆయనే, నా నాటికలో అక్కచెల్లెళ్ళుగా వేసిన ఇద్దరూ ఆదివారం ఖాళీగా ఉంటారేమో కనుక్కోమన్నారు.

వచ్చారు. ఒకామె ఫార్మసిస్ట్, ఇంకొకామె నాలాగే ఐటీ. ఆయన సోఫా జరిపి చోటు చేశారు. నేను మా ఇంటి నుంచి పాత చీరలు పట్టుకెళ్ళాను. కూతురు షికాగో నుంచి ఫోన్‌లో వింది. ఆయన ఈసారి రికార్డు పెట్టకుండా స్వయంగా వాయించారు. పియానో వైపు కాకుండా వాళ్ళ పెదవుల వైపే చూస్తూ వాయించారు. చెల్లెలు చివరి మాట అన్నాక ఎంతోసేపు ఆగి, ఆ కింది స్వరం ఒక్కసారి నొక్కారు. నేను రాసిన నాటిక నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఫార్మసిస్ట్ అమ్మాయి చీర ఒళ్ళో పెట్టుకుని అలాగే ఏడుస్తూ కూర్చుంది. ఆయన లేచి వెళ్ళి ఆమెకి మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఆ తర్వాత ఒకటిన్నర సంవత్సరం బతికారు. మేం మళ్ళీ ఏ నాటకమూ చేయలేదు. చేద్దామనుకుంటూనే ఉన్నాం.

చర్చిలో ప్రార్థనకి పదకొండుమందిమి వెళ్ళాం. మా కమిటీ పెద్దమనిషి కూడా వచ్చి, చివరి బెంచీలో తలవంచుకుని కూర్చున్నారు. రెండ్రోజుల తర్వాత కూతురు ఇల్లు సర్దుతుంటే సాయానికి వెళ్ళాను. మధ్యాహ్నం ఒకటిన్నరకి ఆమె పని ఆపి, ఫోన్‌ని ఒక అట్టపెట్టెకి ఆనించి నిలబెట్టింది. వాళ్ళ ఊళ్ళో అప్పుడు సాయంత్రం ఏడున్నర. ఆయన పనిచేసిన నాటకశాలలో ఆవేళ ప్రదర్శన మొదలయ్యే ముందు ఆయన కోసం ఒక నిమిషం దీపాలు ఆర్పుతారట. అక్కడివాళ్ళెవరో ఫోన్‌లో చూపిస్తున్నారు. ఎర్ర తెర, నిండిన హాలు కనిపించాయి. జనం లేస్తుంటే కుర్చీలు ఒక్కొక్కటే టపటప ముడుచుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత చీకటి. అంత దూరాన, ఆ చీకట్లో, ఎవరో చిన్నగా దగ్గారు. ఎండ పడుతున్న వంటగదిలో మేమిద్దరం భుజాలు ఆనించుకుని ఆ నల్లటి తెరనే చూస్తూ నిలబడ్డాం.